కీబోర్డు మీద వరాళి

నెల్లూరు, మూలాపేట

ఒరేయ్ అబ్బయా,

ఎట్టా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నీకు హైదరాబాద్ నీళ్లు మళ్లీ పడలేదని మీ అన్న మొన్న బజార్లో కనపడి చెప్పాడు. జాగ్రత్తగా ఉండు.

మీ ఫ్యూజన్ బ్యాండుతో కీబోర్డు మీద వాయించి నువ్వు పంపిన వీడియోలు రెండూ చూశాను. ఏదో పని చేసుకుంటూ వినలేదు, రాత్రి పనులన్నీ అయ్యాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాద్దామనుకున్నా గానీ ఇది నాలుగు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇంత ఉత్తరం. "మొహమాటం లేకుండా చెప్పు" అన్నావు కదా, అట్టాగే చెబుతున్నా. హంసధ్వని రాగంలోది చాలా బాగుంది. వరాళి రాగంలోది మాత్రం నచ్చలేదు. నచ్చలేదనేది చిన్న మాట, నిజానికి బాధేసింది.

ఇది చదవగానే నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. వీడు నెల్లూరులో కూర్చుని ఇంకా మన వయొలిన్ అయ్యవారి కాలంలోనే ఉన్నాడు, కీబోర్డు కనిపిస్తే చాలు ముఖం తిప్పుకుంటాడు అనుకుంటావు. కాదురా. కాస్త ఓపికగా చివరిదాకా చదువు, తర్వాత ఫోన్ చేసి తిట్టుకో.

అసలు నీ వీడియో వచ్చిన సమయం అట్టాంటిది. ఇక్కడ కూడా ఇదే గొడవ నడుస్తోంది. పుష్య బహుళ పంచమికి మనవాళ్లు చేసే త్యాగరాజ ఆరాధనలో ఈసారి కొందరు కుర్రాళ్లు కీబోర్డు, బేస్ గిటారు, కహోన్ అనే పెట్టె డ్రమ్మూ పెట్టుకుని 'కనకనరుచిరా' వాయిస్తామని అడిగారు. త్యాగయ్య ఐదు పంచరత్న కృతుల్లో వరాళి రాగంలోది అదే, నువ్వు వాయించిందే. ఒక పెద్దాయన "త్యాగయ్య పటం ముందు ఇంగ్లీషు పెట్టెలా?" అని లేచి వెళ్లిపోయాడు. కుర్రాళ్లేమో "మరి వయొలిన్ మన తాతలు చేసిందా?" అని నా వైపు చూశారు, వయొలిన్ వాయించేవాణ్ని నేనే కదా. ఆ కుర్రాళ్లలో ఇద్దరు నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఆ రోజు నుంచి నాకు ఇదే ఆలోచన.

వయొలిన్ విషయంలో కుర్రాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో వడివేలు ఇంకొంత ముందుకు తీసుకెళ్లాడు. అయితే వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకోలేదు, అక్కడే ఉంది సంగతంతా. తెల్లవాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనం కింద కూర్చుని దాని తలను కాలి చీలమండ మీద ఆనించాం. ఎందుకంటే ఎడమచెయ్యి వాయిద్యాన్ని మోయనక్కర్లేకుండా తీగ మీద పైకీ కిందికీ జారాలి. వాళ్లు నాలుగు తీగలనూ నాలుగు వేరువేరు స్వరాలకు శృతి చేస్తే, మనం స-ప-స-ప అని కట్టుకున్నాం. ఇంత చేశాక అది మన గొంతు వెంట నడవడం నేర్చుకుంది. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఊహకు కూడా అందదు.

ఇక పెద్ద దీక్షితులు (1775–1835) ఏం చేశాడో నీకు గుర్తుందా, అయ్యవారు చిన్నప్పుడు మనకు నొట్టుస్వరాలు నేర్పారు. ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాళ్ల బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడాయన. 'సంతతం పాహిమాం' అచ్చంగా ఇంగ్లండు రాజుగారి జాతీయగీతం బాణీ. నవావరణ కృతులు రాసినాయన ఆ పని చేశాడంటే ఇక సంప్రదాయం పేరు చెప్పి ఎవరిని తరిమేస్తాం? కానీ ఇంకో సంగతి గమనించు. ఆ నొట్టుస్వరాలన్నీ శంకరాభరణం స్వరాల్లోనే ఉన్నాయి, గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం లేకుండా, పిల్లలు కూడా పాడుకునేలా. ఆయన ఆ పని తోడిలో చెయ్యలేదు, వరాళిలో చెయ్యలేదు. పరాయి బాణీకి ఎక్కడ చోటివ్వాలో ఆయనకు తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఇదేరా. కొత్త వాయిద్యమా పాతదా, మనదా వాళ్లదా అన్న లెక్క నాకు లేదు. వచ్చిన వాయిద్యం రాగానికి ఒదుగుతోందా, లేక రాగాన్నే తనకు ఒదిగేలా నరుకుతోందా, నేను చూసేది అది.

ఇప్పుడు నీ వరాళికి వద్దాం. ఆ రాగంలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం, అక్కణ్నుంచి ఒక్కసారిగా ప్రతిమధ్యమానికి దూకుడు. ఆ గాంధారం మామూలు శుద్ధ గాంధారం కంటే ఇంకా దిగి పలుకుతుంది, మధ్యమం పంచమాన్ని తాకుతుందా అన్నంత పైకి ఉంటుంది. కీబోర్డులో ఆ చోట్లకు మెట్లు లేవు. అయినా అది పెద్ద నేరం కాదు, వీణకీ మెట్లే కదా. నువ్వు ఎడమచేత్తో చేసిన పని ఉందే, అది దెబ్బతీసింది. పంచమం, కాకలి నిషాదం, గాంధారం మూడూ ఒకేసారి మోగించి ఒక మేజర్ కార్డు, అంటే తెల్లవాళ్ల సంగీతంలో స్వరాల గుత్తి, పట్టావు. తియ్యగానే ఉంది, కాదనను. కానీ ఆ కార్డు పడగానే వినేవాడి చెవి పంచమాన్నే షడ్జం, అంటే పాటకు ఆధారమైన 'స', అనుకోవడం మొదలుపెడుతుంది. పైన మీ బ్యాండులో పాడే ఆ అమ్మాయి వరాళి పాడుతోంది, కింద నీ కార్డు నేలని లాగేసి ఇంకో చోట పరిచింది. ఇంకోసారి విను, ఇయర్‌ఫోన్లలో విను, మొదటి చరణం దగ్గర ఆ అమ్మాయి గాంధారాన్ని తెలియకుండానే నీ కీబోర్డు గాంధారం దగ్గరికి పైకి జరిపేసింది. పాపం ఏం చేస్తుంది, కింద అంత గట్టిగా ఒక శృతి మోగుతుంటే గొంతు దానికి లొంగుతుంది. ఆ క్షణంలో అక్కడ వరాళి లేదు.

కార్డు అంటేనే స్వరాలు కదలకుండా నిలబడాలి. మన రాగాల్లో సగం అసలు నిలబడవు. తోడి గాంధారం తీసుకో. అటు రిషభాన్నీ ఇటు మధ్యమాన్నీ తాకుతూ ఊగుతూ ఉండేదే తోడి గాంధారం, ఆ ఊపు ఆపేసి ఒక్కచోట నిలబెడితే స్వరం మిగులుతుంది గానీ తోడి మిగలదు. దాని కింద ఏ కార్డు వేస్తావు? ఎక్కడ వేసినా ఊగే పిల్లవాడి ఉయ్యాలకు మేకు కొట్టినట్టే. సహాన, బేగడ, ఆనందభైరవి, యదుకుల కాంభోజి, వీటన్నిటిదీ అదే కథ. అందుకే చూడు, ఫ్యూజన్ బ్యాండ్లు ఎక్కడైనా ఎక్కువగా వాయించేది ఆ గుప్పెడు రాగాలే: హంసధ్వని, మోహనం, హిందోళం, కీరవాణి, చారుకేశి, కదనకుతూహలం. ఎవరూ చెప్పకపోయినా వాళ్ల చేతులకే తెలిసిపోయింది ఏది ఒప్పుకుంటుందో ఏది ఒప్పుకోదో.

నీ హంసధ్వని బాగుండటానికి కారణం కూడా అదే. దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కట్టిన రాగం అది, ఐదే స్వరాలు. స-గ-ప కలిస్తే ఒక మేజర్ కార్డు, ప-ని-రి కలిస్తే ఇంకో మేజర్ కార్డు, రెండూ రాగం లోపల్నుంచే వచ్చాయి, బయటి స్వరం ఒక్కటీ అక్కర్లేదు. నువ్వు అక్కడ కార్డులు మార్చిన చోట్లు కూడా పల్లవి ఎత్తుగడకు సరిపోయాయి. రెండో ఆవర్తనంలో కీబోర్డు పూర్తిగా ఆపేసి మృదంగాన్నీ బేస్‌నీ మాత్రమే వదిలావు చూడు, అక్కడ నాకు ఒళ్లు పులకరించింది. నిజంగా. ఎవరి ఆలోచన అది? నీదే అయితే మెచ్చుకుంటున్నా.

కీబోర్డు మీద నాకు కోపం లేదని ఎందుకంటున్నానంటే, చెన్నైలో స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ దాని మీదే గమకాలు పలికించే కళాకారులున్నారు, విన్నాను. కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో చక్రం. అంటే ఎడమచెయ్యి కార్డుల్ని వదిలేసి గమకానికి పనిచేస్తోందన్నమాట. అదే వాయిద్యం, ఒక చెయ్యి చేసే పని మారితే అంత తేడా. హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో వద్దని వెళ్లగొట్టి 1971లో గానీ మళ్లీ రానివ్వలేదు, అది స్వరాన్ని వంచలేదన్న కారణంతో. అదే హార్మోనియం మన కందుకూరు, కనిగిరి వైపు ఊళ్లలో పద్యనాటకాల్ని దశాబ్దాల పాటు మోసింది. అది పాడేవాడి వెనకే వెళ్లేది, రాగం తీసేటప్పుడు శృతి పట్టుకుని ఊరుకునేది. తన హద్దు తెలిసిన వాయిద్యం ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

మాండొలిన్ శ్రీనివాస్ సంగతే చూడు. పాలకొల్లు పిల్లవాడు, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలోనే మొదటి కచేరీ చేశాడు, తొమ్మిదేళ్ల వయసులో. వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్! ఆ రోజుల్లో దాన్ని చూసి నొసలు చిట్లించినవాళ్లు లేకపోలేదు. మామూలు మాండొలిన్‌లో జంట తీగలుంటాయి, మీటగానే నాదం చచ్చిపోతుంది, తీగను లాగి గమకం పలికించడం కష్టం. జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, కరెంటు సాయంతో నాదం నిలిచేలా చేసుకుని, తీగను లాగి పలికించాడు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో, తబలా జాకిర్ హుసేన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించాడు, అక్కడా వాయించింది రాగమే. 2014లో 45 ఏళ్లకే పోయాడని తెలిసిన రోజు నాకు ఇంకా మింగుడుపడదు.

మెక్‌లాఫ్లిన్ అంటే గుర్తొచ్చింది. నువ్వు మాటకు ముందు "శక్తి, శక్తి" అంటుంటావు కదా, 1975 నాటి ఆ బృందం గురించి. సరే, ఆ మనిషి ముందు ఏం చేశాడు? అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత గిటారును మళ్లీ చేయించుకున్నాడు, తీగను కిందికి నొక్కి లాగడానికి వీలుగా మెట్ల మధ్య కర్రను పల్లంగా చెక్కించి, అడుగున అనునాద తీగలు పెట్టించి. జాజ్‌లో అంత పేరున్నవాడు మన గమకం కోసం తన వాయిద్యాన్నే కోయించుకున్నాడురా! ఎల్. శంకర్ వయొలిన్, వినాయక్‌రామ్ ఘటం, జాకిర్ తబలా, ఒక్కరు కూడా తన విద్యను తగ్గించుకుని అక్కడికి రాలేదు. ఇంకో మేలు కూడా జరిగింది, కచేరీలో చివర్న ఎక్కడో కూర్చునే ఘటాన్ని తెచ్చి వేదిక ముందు పెట్టారు. శక్తికి 2024లో గ్రామీ వచ్చింది, ఆ ఏడాది డిసెంబర్‌లోనే జాకిర్ హుసేన్ పోయాడు. ఫ్యూజన్ అంటే నాకు అదీ. దాన్ని చూపించి, వారం రోజులు రిహార్సల్ చేసి వరాళి కింద కార్డులు వేయడాన్ని కూడా అదే పేరుతో పిలిస్తే ఒప్పుకోను.

అట్టాగని సంప్రదాయం పేరు చెప్పేవాళ్లందరితోనూ నాకు పొత్తు కుదరదు. లేచి వెళ్లిపోయిన పెద్దాయన మాటల్లో "అనాదిగా" అన్న పదం చాలాసార్లు వచ్చింది. ఏంది అనాది? వర్ణంతో మొదలుపెట్టి మంగళంతో ముగించే ఇవాళ్టి కచేరీ పద్ధతిని స్థిరపరిచింది అరియక్కుడి రామానుజ అయ్యంగార్, ఇరవయ్యో శతాబ్దంలో. అందరూ కలిసి పంచరత్నాలు గోష్ఠిగా పాడటం కూడా ఆ శతాబ్దంలో వచ్చిందే. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి 1920ల్లో గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొమ్ముతో. ఆమెనూ మిగతా ఆడవాళ్లనూ ఆ సన్నిధిలో పాడనివ్వకపోతే ఏళ్ల తరబడి పోరాడి సాధించింది. అప్పుడు అడ్డుపడ్డవాళ్లు కూడా సంప్రదాయం పేరే చెప్పారు. కాబట్టి ఆ మాట ఎవరు వాడినా నేను ఒక క్షణం ఆగి, రాగాన్ని కాపాడటానికి అంటున్నారా, తమ కుర్చీని కాపాడుకోవడానికా అని చూస్తాను.

మనవైపు మనుషుల్నే చూడు. త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల, అది మన కంభం దగ్గర ఊరు. పూర్వీకులు ఎప్పుడో తంజావూరు సీమకు వెళ్లిపోయారు, తెలుగు మాత్రం వెంట తీసుకెళ్లారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ (1924–1999) అదే దారిన వెళ్లాడు. ఇంట్లో తండ్రి దగ్గర మనవైపు పద్ధతి నేర్చుకుని, చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆపైన రాజరత్నం పిళ్లై నాదస్వరం మీద ప్రాణం పెట్టుకుని, నాచియార్‌కోయిల్ వెళ్లి తంజావూరు బాణీ మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ముస్లిం కుటుంబం, శ్రీరంగంలో కాపురం, రంగనాథుడి ముందు నాదస్వరం. 1998లో సంగీత కళానిధి బిరుదు. ఇన్ని కలిస్తే అయిన మనిషి ఆయన. అది కలయిక కాదని ఎవరంటారు? కానీ ఆయన తోడి ఆలాపన విను, ఒక్క స్వరం కూడా తన ఊపు వదులుకోదు. పినాకిని రైల్లో చెన్నై వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు నేను ఎక్కువగా వినేది ఆయన్నే.

ఇంకో మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. సాహిత్యం సంగతి. పంచరత్నాల్లో 'జగదానందకారక' సంస్కృతం, మిగతా నాలుగూ మన భాష. నీ వీడియోలో పల్లవి, తర్వాత ఒక చరణం, మళ్లీ పల్లవి, పల్లవి, పల్లవి, ఆపైన డ్రమ్స్. మిగతా చరణాలేమైనాయి? రాముణ్ని చూసేకొద్దీ రుచి పెరుగుతుందంటూ మొదలైన మనిషి చరణం చరణానికి సాక్షులను పిలుస్తున్నాడు, సీతను, ధ్రువుణ్ని. ఆ వాదన అంతా వదిలేసి మొదటి మాటనే తిప్పి తిప్పి పాడితే, పాడే అమ్మాయికైనా అర్థం తెలుస్తుందా? అరవదేశంలో మంచి మంచి విద్వాంసులు కూడా తెలుగు మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరిచి పాడతారు, అదీ నాకు కష్టంగానే ఉంటుంది. కానీ వాళ్లకు అది పరాయి భాష, అయినా మొత్తం కృతి పాడతారు. మనం తెలుగువాళ్లం అయ్యుండి సగం పారేస్తే ఎట్టా?

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న కూడా నాకు తెలుసు, వీడియో కింద రాశావు కదా, "మరి జనం ఎవరొస్తార్రా మీ కచేరీలకి?" అని. నిజమే. టౌన్‌హాల్లో మంచి విద్వాంసుడు పాడుతుంటే ముందు రెండు వరసలు దాటి మనుషులుండరు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఆర్నెల్లలో సినిమా పాట వాయించేలా చెయ్యండి సార్ అంటారు, నేను కాదనను, సరళీస్వరాల తర్వాత ఒక పాట ఇస్తాను, దాన్లోంచే రాగం చూపిస్తాను. మన ఊరికి రాగాలు ఎక్కువగా సినిమా ద్వారానే వచ్చాయి. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కొడుకు బాలు, శాస్త్రీయంగా ఏళ్ల తరబడి నేర్చుకోకుండానే, ఎంతమందికి రాగమంటే ఇష్టం పుట్టించాడో లెక్క చెప్పలేం. నీ హంసధ్వని విని ఒక్క పిల్లవాడు ఆ కృతి పూర్తిగా వినాలని వెతుక్కున్నా నాకు సంతోషమే. కానీ నీ వరాళి విని వెతుక్కునేవాడికి అసలు వరాళి దొరికితే, ఇదేంది ఇట్టా ఉంది, ఆ వీడియోలో లాగా లేదే అనుకుంటాడు. అదిరా నా భయం.

సరే, కమిటీలో ఏం చెప్పానంటే: ఆరాధన రోజు పొద్దున పంచరత్నాలు ఎప్పటిలాగే, తంబురా, వయొలిన్, మృదంగం. ఆ సాయంత్రం కుర్రాళ్లకు గంటన్నర. కీబోర్డు పెట్టుకోండి, బేస్ పెట్టుకోండి, కానీ కనకనరుచిరా వద్దు, హంసధ్వనో మోహనమో తీసుకోండి, కృతి మొత్తం పాడండి. పెద్దాయన ఇంకా మాట్లాడటం లేదు, ఈ ఆదివారం ఇంటికి వెళ్లి ఆయన దగ్గర కూర్చుంటాను. కుర్రాళ్లు మాత్రం ఒప్పుకున్నారు. కాకపోతే ఒకడు "సార్, త్యాగరాజస్వామిదే 'వరలీల గానలోల' ఉంది కదా, ఇంగ్లీషు నోటు లాగా ఉంటుంది, అది వాయించమా?" అన్నాడు. శంకరాభరణం, గమకాల బరువు లేని నడక, దానికి కార్డు వేసినా రాగం నలగదు. ఇంతమంది పెద్దవాళ్లం కూర్చున్నా మాకెవరికీ తట్టలేదు, వాడికి తట్టింది.

అందుకని నిన్ను అడుగుతున్నా, ఆ సాయంత్రానికి నువ్వు రా. మీ వాళ్లందర్నీ తీసుకురా, పడుకోవడానికి మేడ మీద గది ఖాళీగా ఉంది, అమ్మ చేపల పులుసు పెడుతుంది. మీ బేస్ వాయించే అబ్బాయికి మెట్లు లేని బేస్ గిటారు దొరుకుతుందేమో కనుక్కో, దాని మీద అయితే స్వరం నుంచి స్వరానికి జారొచ్చు, నేనూ వాడూ కూర్చుని మోహనంలో చిన్న ఆలాపన ప్రయత్నిద్దాం. ఆ అమ్మాయికి చెప్పు, గొంతు బంగారం, వరాళిని ముందు ఒట్టి తంబురాతో ఒక నెలపాటు పాడుకోమని.

మీరు ఏ కృతులు వాయిస్తారో, ఏ శృతిలోనో ఈ నెలాఖరు లోపల రాసి పంపు. ఇక్కడ మృదంగం వాయించే పిల్లవాడికి ఇంటర్ ప్రాక్టికల్స్ ఉన్నాయి, ముందుగా ఇస్తే గానీ ముక్తాయింపులు సాధన చెయ్యలేడు.

ఇట్లు
నీ పాత బెంచీవాడు